అభిమానమును విద్యగా మలచిన గది

కనుమనాటి రాత్రి, జగ్గన్నతోటలో ప్రభల తీర్థము చూచి అలసి యింటికి వచ్చి, అరుగుమీద చాప వేసికొని కూర్చుండిన మా మేనల్లుడు చేతిలోని సెల్‌ఫోనును నా వైపు త్రిప్పి, “మావయ్యా, ఈ గది చూడు. నువ్వు చెప్తూంటావే, కాలేజీ రోజుల్లో మీ గది, అచ్చం అలాగే లేదూ?” అని యడిగెను.

తెరమీద కనిపించిన గది చిన్నది. గోడలు కనబడనీయని అల్మారాలు, అల్మారాలలో చోటు చాలక నేలకు దిగిన పుస్తకములు, బల్లమీద సగము కూర్చి విడిచిన ప్లాస్టిక్కు బొమ్మ, మూలనొక చిన్న టెలివిజను. నలుగురైదుగురు విద్యార్థులు కూర్చుండియున్నారు. ఒకడు చదువుచున్నాడు, ఒకడు ప్రసంగించుచున్నాడు, మరియొకడు విననట్లుండి యంతయు వినుచున్నాడు. పావుగంట గడచినను అక్కడ ఏమి జరిగినదని యడిగినచో చెప్పుటకు మాట దొరకదు. కాని ఆ పావుగంటలోనే ఆ నలుగురి స్వభావములును మనకు చిరపరిచితములై పోవును. మొదట వాని మాట తీసివేయలేక చూచితిని. పిదప నా కొరకే చూచితిని. చూచినకొలదియు, మన కోనసీమలో నేనెరిగిన యొక సంప్రదాయమునకు, పేరు లేనందున సంప్రదాయమని యెవరును గుర్తింపని యొక సంప్రదాయమునకు, ఆ జపాను కథ చక్కని వ్యాఖ్యానమువలె నాకు తోచినది. ఆ సంప్రదాయము అభిమానుల గోష్ఠి. ఒక కళను ప్రాణపదముగా ప్రేమించు నలుగురు ఒక కప్పు క్రింద చేరి, ఆ ప్రేమను కాలక్రమమున విద్యగా మార్చుకొనుటయే దాని సారము. ఆ మార్పు ఎట్లు జరుగునో, అందలి పనితన మెట్టిదో, దాని విలువ యేమో చెప్పవలెననియే యీ వ్రాత.

మేనల్లుడు చూపిన కథ పేరు ‘గెన్షికెన్’. ‘ఆధునిక దృశ్య సంస్కృతి అధ్యయన సంఘము’ అను దీర్ఘనామమునకు జపాను భాషలో అది సంక్షిప్తరూపము. కియో షిమోకు అను చిత్రకథాకారుడు 2002 మొదలు 2006 వరకు ‘ఆఫ్టర్‌నూన్’ అను మాసపత్రికలో దీనిని ధారావాహికగా నడపగా, అది 9 సంపుటములయ్యెను. 2004లో 12 భాగముల అనిమేగా, అనగా కదలు బొమ్మల కథగా, తెరకెక్కెను. 2007లో రెండవ విడతయు, 2013లో తరువాతి తరము విద్యార్థుల కథయు వచ్చినవి. షియో విశ్వవిద్యాలయమను కల్పిత విద్యాలయములో మాంగాల, అనగా చిత్రకథల, సంఘము వేరుగా నున్నది, అనిమేల సంఘము వేరుగా నున్నది. ఆ రెంటను ఇమడక, మాంగాయు అనిమేయు వీడియో ఆటలును అన్నియు మాకు కావలెనను కొద్దిమంది చేరిన సంఘమిది. ససహర అను కొత్త విద్యార్థి, తన యిష్టమును నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడుచు, ఆ గది తలుపు తట్టుటతో కథ మొదలగును. పెద్ద విద్యార్థులు వానిని గదిలో ఒంటరిగా విడిచి వెళ్లి, ఎవరును చూడనప్పుడు వాని చేయి ఏ పుస్తకమువైపు సాగునో దూరమునుండి కనిపెట్టుదురు. ఇది వారి ప్రవేశపరీక్ష. చేరదలచినవాడు ఏమి చెప్పుకొనునన్నది వారికి అక్కరలేదు. వాని కన్నును చేయియు ఎటు పోవునన్నదే వారికి ప్రమాణము.

ఇట్టివారిని జపానులో ‘ఒటాకు’ అందురు. ఆ మాటకు మూలార్థము ‘మీ యిల్లు’. ఎదుటివారిని మన్ననగా సంబోధించుటకు మనము ‘తమరు’ అన్నట్లుగా వారు వాడుకొను పదము. అభిమానులు తమలో తామట్లు పిలుచుకొనుట గమనించి, 1983లో నకమొరి అకియో అను రచయిత ఒక పత్రికలో ఆ మాటనే వారికి పేరుగా పెట్టెను. అది గౌరవముతో పెట్టిన పేరు కాదు. 1989లో పసిపిల్లలను చంపిన యొక హంతకుని గదిలో వేలకొలది వీడియో టేపులు దొరకుటతో, ఆ పేరు వినబడిన మాత్రమున లోకము ముఖము త్రిప్పుకొను స్థితి వచ్చెను. ‘గెన్షికెన్’లోని విద్యార్థుల బెరుకునకు ఈ చరిత్రయే కారణము. పదిమందిలో చెప్పుకొనలేని యిష్టము గలవానికి, చెప్పుకొనదగిన నాలుగు గోడలు ఎంతటి ఆశ్రయమో ఆ కథ యొక్క మొదటి భాగమునుండియే తెలియుచుండును.

మన పూర్వులు ఇట్టి కూడికను చాల గౌరవముతో చూచిరి. వాత్స్యాయనుడు కామసూత్రములలో నాగరకుని దినచర్య చెప్పుచు గోష్ఠిని వర్ణించెను. విద్యలోను, బుద్ధిలోను, శీలములోను, వయస్సులోను సమానులైనవారు ఒకచోట చేరి కావ్యములను, కళలను చర్చించుకొనుటయే ఆయన చెప్పిన గోష్ఠి. అభినవగుప్తుడు సహృదయుడన నెవడో నిర్ణయించుచు, కావ్యములను మరల మరల అనుశీలించుట చేత మనస్సనెడి అద్దము నిర్మలమై, వర్ణింపబడిన వస్తువుతో తన్మయత్వము పొందగలవాడని చెప్పెను. ఇందు గమనింపవలసినది అభ్యాసము. సహృదయత పుట్టుకతో వచ్చు వరమని ఆయన అనలేదు. తుడువగా తుడువగా అద్దము తేటపడునన్నాడు. ఒంటరిగా తుడుచుకొనువాడు త్వరగా అలసిపోవును. పక్కన మరి ముగ్గురు తుడుచుచున్నప్పుడు చేయి ఆగదు. అభిమానుల గది యనగా ఆ తుడుచు పని సామూహికముగా జరుగు స్థలము.

అమలాపురములో కళాశాల చదువులనాడు నలుగురము కలిసి అద్దెకు తీసికొన్న గది అట్టిది. పెంకుటింటి వీధి గది. కిటికీ తెరచిన కాలువ, కాలువ కావల కొబ్బరితోట. ఆ గదిలో నేర్చుకొన్న పనులను ఇప్పుడు తలచుకొన్నచో అవి మూడు విధములుగా కనబడుచున్నవి: కూడబెట్టుట, తర్కించుట, చేయుట. జపాను విద్యార్థుల గదిలోను ఇవే మూడు.

మొదటిది కూడబెట్టుట. అందులో మా ప్రాంతపు ప్రధాన విద్య ధారావాహికలను బైండు చేయుట. వారపత్రికలు తెలుగునాట ఇంటింటికిని చేరిన దశాబ్దములలో నవల యనగా వారమువారము వచ్చు నాలుగైదు పుటలే. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన వంటివారి రచనలకై గృహిణులు ఎదురుచూచినట్లే, మా రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళము’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చుచున్న రోజులలో కుర్రకారు ఎదురుచూచిరి. చదివిన పత్రికను పచారీ కొట్టువానికి వేయక, ధారావాహిక పుటలను మాత్రము వేరుచేసి దాచుట ప్రతి వీధిలోను జరిగెడిది. దాచినవానిని పుస్తకము చేయుట మాత్రము కొందరికే తెలిసిన పని. మాలో రాజోలువైపు లంకనుండి వచ్చిన మిత్రునికి అది తల్లి నేర్పినది.

అతని పద్ధతి నా కన్నుల యెదుట ఇంకను ఉన్నది. పత్రిక నడుమనున్న తీగ పిన్నులను గోటితో గాక చాకుమొనతో పైకెత్తవలెను. గోటితో లాగినచో కాగితము చీలును. పుటలను వారముల వరుసను పేర్చి, నాలుగు అంచులును నేలకు తట్టి సమము చేసి, ఇటుక బరువు పెట్టి ఒక రాత్రి యుంచవలెను. మరునాడు ఎడమ యంచునకు అరంగుళము లోపల ఆరతో నాలుగైదు రంధ్రములు పొడిచి, మైనము పట్టించిన దారముతో వెనుకకును ముందునకును కుట్టవలెను. ముడి ఎప్పుడును లోపలివైపే పడవలెను. జిగురు బజారుది పనికిరాదు. మైదాపిండిని నీటిలో ఉడికించి, దించుటకు ముందు చిటికెడు మైలుతుత్తము కలిపినగాని పుస్తకమునకు పురుగు పట్టకుండదు. వీపునకు కాలికో గుడ్డ అంటించి, అట్టల నదిమి, గుడ్డ బిగిసి ఆరువరకు దాని జోలికి పోరాదు. ఆత్రేయపురపు ఇల్లాలు పూతరేకును విరుగనీయక మడచునట్టి లాఘవముతో అతడు పలుచని పత్రికా కాగితమును తిప్పెడివాడు. చివరగా మొదటి తెల్లపుటపై రచన పేరు, రచయిత పేరు, చిత్రకారుని పేరు, ఏ వారమునుండి ఏ వారము వరకో వ్రాయును. చిత్రకారుని పేరు మరువరాదన్నది అతని నియమము. బాపు గీతను, వడ్డాది పాపయ్య వర్ణములను సంతకము చూడకయే పోల్చగల చూపు మాకు అలవడినది ఆ నియమము వలననే.

‘గెన్షికెన్’ గదిలోని అల్మారాలను చూచినప్పుడు నాకీ బైండు పుస్తకములు జ్ఞాపకమువచ్చుట సహజము. అక్కడ మదరామె అను పెద్ద విద్యార్థి యొక చిన్న సంచికకై పుస్తక సంతలో గంటలకొలది నిలబడును. లోకమునకు అది పిచ్చి. కాని కూడబెట్టుటలో వస్తువును తెచ్చుకొనుట ఒక భాగమే. దానిని వరుసలో పెట్టుట, ఇది ముందు అది వెనుక అని తెలియుట, ఎవరిది ఏ చేయి అని గుర్తుపట్టుట అసలు భాగము. ఇది గ్రంథాలయ శాస్త్రమునకు మొదటి పాఠము. మాసపత్రికయైనను వారపత్రికయైనను పాతబడగానే పొట్లము కాగితమైపోవు దేశములో, తెలుగు చిత్రలేఖనముయొక్కయు ధారావాహికలయొక్కయు చరిత్ర ఏ కొంచెమైనను నిలిచినదనిన, ఇట్టి పిచ్చివారు ఇటుకలక్రింద పుటలు పెట్టుట వలన కూడ నిలిచినది.

రెండవది తర్కించుట. మా గదిలోని మరియొకడు కొత్తపేట ప్రాంతమువాడు, పద్యనాటకములంటే ప్రాణము. తీర్థములలోను, శ్రీరామనవమి పందిళ్లలోను రాత్రి పదింటికి మొదలై తెల్లవారుజాము వరకు నడచు నాటకములకు సైకిలుమీద పోయి, మరునాటి తరగతిలో నిద్రపోయెడివాడు. పద్యనాటకపు ప్రేక్షకుడు ఊరక కూర్చుండువాడు కాడు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకములలోని పద్యములు అతనికి కంఠస్థములు. నటుడు ఎత్తుకొనకముందే అతని పెదవి కదలును. నచ్చినచో ‘వన్స్ మోర్’ అని కేకవేయును. ఆ కేకకు నటుడు కథను ఆపి, పద్యమును మొదటినుండి మరల పాడును. కథ ఆగిపోవుట తప్పుకాదా యని కొత్తవాడడుగును. కథ అందరికిని తెలిసినదే. అక్కడికి వచ్చినది ఆ పద్యము ఈ రాత్రి ఈ గొంతులో ఎట్లు పండునో చూచుటకు.

ఆ నాటకములలోని పడకసీను గూర్చి మా గదిలో జరిగిన వాదములు ఇన్ని యన్ని కావు. నటులలో ఒకడు పీసపాటి నరసింహమూర్తి పక్షము, ఒకడు షణ్ముఖి ఆంజనేయరాజు పక్షము. ఆలాపన అర్థమును మ్రింగునా, లేక మోయునా? సమాసమును ఎక్కడ విరిచిన చెవికి ఇంపు, ఎక్కడ విరిచిన బుద్ధికి ఇంపు? శ్రీకృష్ణుడు కన్ను తెరచి ముందుగా అర్జునుని చూచు క్షణమున నటుని ముఖమున చిరునవ్వు ముందు రావలెనా, మాట ముందు రావలెనా? ఈ ప్రశ్నలను మాకెవరును పాఠ్యాంశముగా పెట్టలేదు. వీని సమాధానములకు మార్కులు లేవు. అయినను ఛందస్సులో యతి ఎందుకున్నదో, తరగతిలో అర్థముకానిది, ఆ వాదములలో నాకు తెలిసినది. మదరామె తన అనిమేలను గూర్చి ఆపకుండ ప్రసంగించునప్పుడు ఆ గదిలో జరుగునదియు ఇదే. విషయము చిన్నదైనను, దానిని విప్పుటలో బుద్ధి పదునెక్కును. తన రుచికి కారణము చెప్పవలసి వచ్చినప్పుడే మనిషి తన రుచిని తాను ఎరుగును. కారణము దొరకనప్పుడు దానిని దిద్దుకొనును.

మూడవది చేయుట; ఇదియే అభిమానమునకు పరిపాకము. చూచి చూచి, వాదించి వాదించి, ఒకనాటికి చేయి ఊరకుండలేక కదలును. ‘గెన్షికెన్’లో తనాక అనువాడు ప్లాస్టిక్కు నమూనాలు కూర్చుటలో నేర్పరి, అతడే ఓనో అను విద్యార్థినికై తమకిష్టమైన పాత్రల వేషములను స్వయముగా కత్తిరించి కుట్టును. కుగాయామకు బొమ్మలు వేయు చేయి యున్నది గాని, గీచినది ముగింపవలెనన్న బెదురెక్కువ. ససహర సంఘాధ్యక్షుడైన పిదప, మనము కూడ ఒక పుస్తకము అచ్చువేసి సంతలో పెట్టుదమని నిశ్చయించును. గడువు ముంచుకొనివచ్చుచుండును, కుగాయామ పుటలు పూర్తి కావు, మృదుస్వభావుడైన ససహర మొదటిసారి గొంతెత్తి మిత్రునిమీద అరచును. ఆ కోపము చూచినప్పుడు నాకు కన్ను చెమర్చినది. చదువరిగా నున్నంతకాలము అందరిపట్ల ఉదారుడైనవాడు, కర్తయైన మరుక్షణము గడువును, కొరతను, తోటివాని బలహీనతను ఎదుర్కొనవలెను. చివరకు అందరును తలయొక చేయి వేసి పుస్తకము తెత్తురు. సంతలో ప్రతులన్నియు అమ్ముడుపోవును. ఆ ససహరయే చదువు ముగిసిన పిదప మాంగాల సంపాదకుడగుట యాదృచ్ఛికము కాదు. ఆ అరచిన రోజుననే అతని వృత్తి నిర్ణయమైనది.

వారు పోయిన సంతకు కథలో వేరు పేరున్నది గాని, దానికి మాతృక టోక్యో నగరపు ‘కోమికెట్టు’. అభిమానులు తాము వ్రాసి గీచి అచ్చువేసికొన్న పుస్తకములను తామే అమ్ముకొను ఆ సంత 1975 డిసెంబరు 21న 32 బృందములతో, దాదాపు 700 మందితో మొదలయ్యెను. తరువాతి కాలమున ఒక్కొక్క విడతకు 5 లక్షలకు పైబడి జనము వచ్చునంతగా పెరిగెను. వృత్తి చిత్రకథాకారులనేకులు అచ్చటనే చేయి దిద్దుకొనిరి. మనకును ఇట్టి విత్తనము లేకపోలేదు. తెలుగు విద్యార్థులు నడపిన లిఖితపత్రికలు అట్టివే: ఒకే ప్రతి, చేతివ్రాత, చేతిబొమ్మలు, చేతులు మారుచు పోవు సంచిక. మనకు లేకపోయినది సంత.

మా కోనసీమలో ‘చేయుట’ అను పని వీధికెక్కినది సినిమా అభిమాన సంఘముల మూలమున. కొత్త చిత్రము వచ్చుచున్నదన్నచో సంఘమువారు చందాలు పోగుచేసికొని, పూలదండలు, రంగు కాగితములు సిద్ధము చేయుట అందరును చూచినదే. దాని వెనుకనున్న శిల్పము కొందరే చూచిరి. ఫ్లెక్సీలు రాకమునుపు గుడ్డ బ్యానరు వ్రాయుట ఒక విద్య. గుడ్డను చట్రమునకు బిగించి, జిగురు కలిపిన తెల్లరంగు పూసి ఆరనిచ్చి, చేతిలోని చిన్న ఫొటోపై గళ్లు గీసి, అన్నియే గళ్లు గుడ్డపై పెద్దవిగా గీసి, గడికి గడి బొమ్మను పెంచవలెను. కటౌటునకైనచో వెదురు పరంజా గట్టిగా నుండవలెను. మా గాలులకు ఆగవలెను. మా గదిలోని నాలుగవవాడు పెయింటరు వద్ద చేరి బ్రష్షులు కడిగి కడిగి అక్షరములు నేర్చెను. తెలుగు ‘శ’కారపు మెలిక ఎక్కడ లావుగా మొదలై ఎక్కడ సన్నగిల్లవలెనో అతడు నాకు నేర్పినంతగా ఏ వ్రాతపుస్తకమును నేర్పలేదు. కథానాయకుని పేరు వ్రాయుటలోని భక్తియే ఆ మెలికకు నిండుదనము నిచ్చినది.

ఇదే భక్తి మరింత స్థిరమైన రూపము దాల్చిన చోటు కొత్తపేట. శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ కార్యశాలనుండి వెడలిన విగ్రహములు ఎన్నో యూళ్ల కూడళ్లలో నిలిచియున్నవి. మట్టితో నమూనా చేయుట, దానిపై ప్లాస్టరు పోసి అచ్చు తీయుట, ఆ అచ్చులో విగ్రహమును పోతపోయుట వంటి క్రమమంతయు వేరొకని ముఖమును నెలలతరబడి ధ్యానించువానికే లొంగును. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము తన తల్లిదండ్రుల విగ్రహములను ఈ శిల్పిచేతనే చేయించుకొనుచు, తన విగ్రహమును గూడ చేయుమని కోరిరి. 2020 సెప్టెంబరు 25న ఆయన మనలను విడిచిపోవుటతో, ఆ కోరిక తెలిసినవారందరి హృదయములును బరువెక్కినవి. జపాను విద్యార్థి బల్లమీది జానెడు బొమ్మకును, కొత్తపేట కార్యశాలలోని నిలువెత్తు విగ్రహమునకును పరిమాణములో భేదమున్నది గాని, ప్రియమైన రూపమును చేతితో తాకదగినట్లు చేసికొనవలెనను మానవుని ఆర్తి ఒక్కటియే.

ఇక ‘గెన్షికెన్’ కథాశిల్పమును గూర్చి ఒక మాట చెప్పవలెను. ఈ గోష్ఠిని చూపుటకు ఆ శిల్పమే తగినది. అందులో దుష్టుడు లేడు, సాహసము లేదు. ఋతువులు మారును, కొత్తవారు వత్తురు, పెద్దవారు పట్టము పుచ్చుకొని పోదురు. ఒక భాగములో మదరామె, తాను మూగగా ప్రేమించు సాకి అను యువతితో గదిలో ఒంటరిగా చిక్కుకొనును. ఆమె ముక్కునుండి ఒక వెంట్రుక వెలికి వచ్చియుండుట చూచును. చెప్పవలెనా, మానవలెనా, చెప్పినచో ఎట్లు చెప్పవలెను? కథ యంతయు ఇంతే. కాని ఆ చిన్న సంకటములో అతని సిగ్గు, గౌరవము, ప్రేమ, పిరికితనము నాలుగును తేటతెల్లముగా బయటపడును. నిత్యజీవితపు కథ వ్రాయువాని రహస్యము ఇదే: సంఘటన ఎంత చిన్నదైన, స్వభావము అంత పెద్దదిగా కనబడును. పైగా ఆ విద్యార్థులందరును మెచ్చుకొను ‘కుజిబికి అన్‌బ్యాలెన్సు’ అను కథ మొదట కల్పనలోని కల్పన; పిదప దానినే నిజముగా అనిమేగా తీసి, 2006లో 12 భాగములు ప్రసారము చేసిరి. పాత్రల అభిమానము అంత నమ్మదగినట్లుండుట చేత, వారి అభిమానమునకు పాత్రమైన కథ నిజముగా పుట్టవలసి వచ్చినది.

సాకికి ఈ కళలలో ఆసక్తి లేదు. తాను ప్రేమించిన సంఘసభ్యుడు కోసాకాకై ఆ గదికి వచ్చి, మొదట అసహ్యించుకొని, విమర్శించి, క్రమముగా వారి మనుష్యత్వమును గుర్తించును. ప్రతి గోష్ఠికిని అట్టి బయటికన్ను అవసరము. అది లేనిచోట అభిమానము తనలో తాను మురిగి, ఇతరుల అభిమానమును ద్వేషించుటగా మారును. మన అభిమాన సంఘములను ప్రేమించువాడనుగనుకనే చెప్పుచున్నాను: ఒకరి కథానాయకుని పోస్టరును మరియొకరు చింపిన రోజున, కులము పేరిట చప్పట్లు పంచుకొన్న రోజున, ఆ సంఘములు గోష్ఠులు కాకుండ పోయినవి. అదే అభిమానము దారి మార్చినప్పుడు ఎంత పని చేయగలదో కూడ చూచితిమి. 1998 అక్టోబరు 2న చిరంజీవి రక్తనిధి మొదలైనది మొదలు, తమ నాయకుని పుట్టినరోజున చేయి చాచి రక్తమిచ్చు యువకులు మన ఊళ్లలో తయారైరి.

ఒగియుఎ అను విద్యార్థిని కథ మరింత లోతైనది. చిన్ననాట తాను గీచిన బొమ్మలవలన ఒక సహవిద్యార్థి మనస్సు గాయపడి బడి విడిచిపోగా, ఆ అపరాధభారముతో ఆమె తనవంటి అభిమానులనే ద్వేషించుచు, అయినను గీయకుండ ఉండలేక, రహస్యముగా గీచుకొనుచుండును. ఆ గది ఆమెను విచారించదు, క్షమించితిమని చెప్పదు. రోజును కుర్చీ చూపును. కొంతకాలమునకు ఆమె తన బొమ్మలను ఒకరికి చూపగలుగును. పిదప వృత్తి చిత్రకారిణియు అగును. గోష్ఠి చేయు చికిత్స ఇట్టిది. మదరామె చదువు ముగిసి ఉద్యోగములో చేరిన పిదపను, ఆ విశ్వవిద్యాలయమునకు దగ్గరగానే పని చూచుకొని, మధ్యాహ్నపు భోజనపు పొట్లముతో ఆ గదికి వచ్చి కూర్చుండును. దానిని బలహీనత యనువారు అనవచ్చును. తాను మనిషినని మొదట తెలిసిన చోటికి మరల మరల వచ్చుటగా నాకది కనబడినది.

ఇప్పుడు ఈ గదుల నడుమ సముద్రములు కూడ అడ్డురావు. జపాను దర్శకుడు యుగో సాకో అక్కడి చిత్రకారులచేత గీయించిన రామాయణము 2025 జనవరిలో తెలుగు పలుకులతో మన థియేటరులకు వచ్చెను. 2022 అక్టోబరు 21న జపానులో విడుదలయిన మన ‘ఆర్ఆర్ఆర్’ను అక్కడి అభిమానులు మరల మరల చూచి, రాముని భీముని తమ గీతలలో వేసికొనిరి, స్త్రీలే అన్ని పాత్రలును ధరించు టకరజుకా నాటకసంస్థ 2024లో దానిని రంగస్థలము నెక్కించెను. గోదావరి తీరమున పాలాభిషేకములు చేయు చేయియు, టోక్యోలో తూలిక పట్టు చేయియు ఒకే విద్యను ఎరుగును గనుకనే ఇది సాధ్యమైనది.

మా నలుగురి గది మాత్రము చదువుతో ముగిసినది. బైండు పుస్తకములన్నియు రాజోలువైపు మిత్రుడు తన లంకకు పట్టుకొనిపోయి, ఇనుపపెట్టెలో భద్రపరచెను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మా సీమను నేలమట్టము చేసినది. వేలాది కొబ్బరిచెట్లు మొదలంట కూలినవి. ఎందరో ఇండ్లును, ఆప్తులను పోగొట్టుకొనిరి. అతని యింటి పెంకులు లేచిపోయి, పెట్టె నీటమునిగినది. మనుషులు బ్రతికి బయటపడిరి. నీరు తీసిన పిదప ఆ కుటుంబము ఎండలో తాటాకుచాపపై పుటలను ఒక్కొక్కటిగా పరచి ఆరబెట్టినది. చాలవరకు ముద్దయైపోయినవి. ఒక ధారావాహిక, పుస్తకరూపమున ఎన్నడును రానిది, చివరి మూడు వారముల పుటలు పోగొట్టుకొని మిగిలినది.

ఆ మిత్రుడు చేసిన పని వినుడు. ఆ భాగములను చదివిన వారినెల్ల తిరిగి తిరిగి అడిగి, తనకు జ్ఞాపకమున్నదానితో సరిచూచి, నన్నును అమలాపురము వచ్చి రెండురోజులు కూర్చుండబెట్టి ప్రశ్నించి, ఆ మూడు వారముల కథను తన చేతితో వ్రాసెను. బొమ్మలున్న చోట్లను, అక్షరములు నేర్చిన నాలుగవవాడు గుర్తున్నంతలో బొమ్మలు వేసి యిచ్చెను. పాత కుట్టు విప్పి, ఆ పుటలను కలిపి, మైలుతుత్తపు జిగురుతో మరల బైండు చేసి, అతడు దానిని నాకు బహుమానముగా ఇచ్చెను. మూల రచయిత వాక్యములు అవి కావు. కాని కూడబెట్టుటయు, తర్కించుటయు, చేయుటయు మూడును కలిసిన పుస్తకము నేను చూచినది అదియొక్కటే.

కనుమనాటి రాత్రి మేనల్లుని ప్రశ్నకు జవాబుగా లోనికి పోయి ఆ పుస్తకము తెచ్చి వాని చేతిలో పెట్టితిని. నీటిమరకలు దాటుచు వాడు చదువసాగెను. అచ్చుపుటలు ముగిసి చేతివ్రాత మొదలైనచోట ఒక్క క్షణమాగి, పుటను దీపము వెలుతురుకు ఎత్తి, అంచున ఆ కుట్టును వ్రేలితో తడవి చూచి, “తర్వాతేవైంది మావయ్యా, చెప్పకు, చదువుతాను” అని మరల తల వంచెను.